కాగితాలు తీయని బొంత

మన భాషలో ‘అతుకుల బొంత’ అంటే తిట్టు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలు దాన్ని అతుకుల బొంత అంటాయి. నవల్లో సంఘటనలు ఒకదానికొకటి పొసగకపోతే విమర్శకులు అతుకుల బొంత అంటారు. ఇక పెళ్ళిళ్ళ దగ్గర గంతకు తగ్గ బొంత ఉండనే ఉంది. ఈ మాటలు అనేవాళ్ళలో ఎంతమంది జీవితంలో ఒక్క బొంతయినా కుట్టి ఉంటారా అని నాకెప్పుడూ అనుమానం.

నేను పదకొండేళ్ళుగా ఒక బొంత కుడుతున్నాను. ఇంకా పూర్తి కాలేదు. మా అమ్మమ్మ కుట్టిన లాంటిది కాదు. ఆమె మెత్తబడిన నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, చీర అంచులోంచి లాగిన దారంతోనే బారుకుట్టు వేసేది. వారం తిరిగేసరికి పిల్లలు దానిమీద పడుకునేవాళ్ళు. నాది ఆరు పలకల ముక్కల బొంత. ఇంగ్లండులో, అమెరికాలో ఆడవాళ్ళు రెండు శతాబ్దాలకు పైగా కుడుతూ వచ్చిన పద్ధతి. మొదట దళసరి కాగితాన్ని షడ్భుజిగా కత్తిరించుకోవాలి. దానికంటే పావు అంగుళం పెద్దదిగా గుడ్డముక్క కోసి, అంచులు కాగితం మీదికి మడిచి, కచ్చా కుట్లు వేయాలి. అలా తయారైన రెండు ముక్కల్ని ముఖాముఖి పెట్టి ఒక అంచు వెంబడి సన్నగా తిప్పికుట్టు వేస్తే కలుస్తాయి. మధ్యలో ఒక ముక్క, చుట్టూ ఆరు, దాని చుట్టూ పన్నెండు. పందొమ్మిది ముక్కలు చేరేసరికి ఒక పువ్వు. ఒక ముక్కకు ఆరువైపులా వేరే ముక్కలు చేరిపోయాక దాని కచ్చా కుట్లు విప్పి కాగితం లాగేయవచ్చు. కాగితం ఉన్నంతసేపే ముక్క ఆకారం నిలుస్తుంది. అందుకే అవసరం తీరేదాకా దాన్ని కదిలించరు.

లెక్క చెప్తే కొంచెం అర్థమవుతుంది. అంగుళం పలక ఉన్న షడ్భుజి వైశాల్యం దాదాపు 2.6 చదరపు అంగుళాలు. 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు దుప్పటి కావాలంటే సుమారు 3,460 ముక్కలు పడతాయి. ప్రతి అంచూ ఇద్దరి ఉమ్మడి గోడ కాబట్టి కలపవలసిన అంచులు పదివేల పైచిలుకు. అంగుళానికి 15 కుట్లనుకుంటే లక్షన్నర కుట్లు. కోయడం, మడవడం, కలపడం అన్నీ కలిపి ముక్కకు ఇరవై నిమిషాలు వేసుకున్నా పదకొండు వందల గంటలు దాటుతుంది. రోజూ ఒక గంట చొప్పున, ఏ జ్వరమూ ఏ చుట్టమూ రాకుండా ఉంటే మూడేళ్ళ పైన. ఇంట్లో ఆడదానికి అలాంటి గంట రోజూ దొరుకుతుందని నమ్మేవాళ్ళు నమ్మవచ్చు.

కాగితం కోసం నేను పాత శుభలేఖలు వాడుతున్నాను. దళసరిగా ఉంటాయి, సరిగ్గా సరిపోతాయి. ఒకరోజు కత్తిరిస్తుంటే ఒక ముక్కమీద ‘శ్రీమతి అండ్ శ్రీ’ అని, దాని పక్కన ఒక మగాయన పేరు సగం కనిపించింది. అప్పటినుంచీ గమనించడం మొదలుపెట్టాను. ఎక్కువ శుభలేఖల్లో పెళ్ళికూతురి తల్లికి పేరే లేదు. ఆమె ‘శ్రీమతి’. తర్వాతిదంతా భర్త పేరు, ఆయన ఉద్యోగం, ఆయన ఊరు. ఈ బొంతల చరిత్ర కాస్త లోతుగా చదవాలనిపించింది అప్పుడే.

ఆ చరిత్ర కాగితాలతోనే మొదలవుతుంది. బ్రిటన్‌లో తేదీ ఉన్న అతుకుల పనుల్లో మనకు తెలిసినంతలో అన్నిటికంటే పాతది 1718 నాటి పట్టు దుప్పటి. ఇప్పుడది అక్కడి క్విల్టర్స్ గిల్డ్ వారి సేకరణలో ఉంది. అందులోవి షడ్భుజులు కావు, పువ్వులూ జంతువులూ మనుషుల బొమ్మలూ. కానీ పద్ధతి మాత్రం ఇదే, కాగితం మీద మడిచి కుట్టడం. మూడు వందల ఏళ్ళు గడిచినా ఆ కాగితాలు లోపల అలాగే ఉన్నాయి. కుట్టినామె ఎవరో తెలియదు. తేదీతో పాటు ‘ఇ. హెచ్.’ అని రెండు పొడి అక్షరాలు మాత్రం కుట్టింది.

ఈ దుప్పట్ల వెనకవైపు తిప్పి చూస్తే పాత ఉత్తరాల తునకలు, కిరాణా పద్దులు, వార్తాపత్రికలు, పిల్లల దస్తూరీ పుస్తకాల పేజీలు కనిపిస్తాయి. అప్పట్లో కాగితం ఖరీదైన వస్తువు. ఇంట్లో పనికిరాని కాగితమంతా కుట్టుపెట్టెలో చేరేది. చరిత్రకారులు వాటిని జాగ్రత్తగా వాడుకుంటారు. కాగితం మీద 1790 అని ఉంటే ఆ ముక్క 1790కి ముందు కుట్టింది కాదని మాత్రమే తెలుస్తుంది, తర్వాత ఎప్పుడైనా కుట్టి ఉండవచ్చు. గుడ్డ ఇంకా పాతదై ఉండవచ్చు. అమ్మ దాచిన గుడ్డ కూతురు కుట్టి ఉండవచ్చు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పూర్తయిన బొంతలో సాధారణంగా కాగితాలు ఉండవు, తీసేస్తారు. మధ్యలో ఆగిపోయినవాటిలోనే ఉంటాయి. కుడుతున్నామె కాన్పులో పోయిందో, చూపు తగ్గిందో, పెళ్ళయి వెళ్ళిపోయిందో, లేక విసుగే పుట్టిందో. కుటుంబం దృష్టిలో అది పాడైపోయిన పని. కానీ ఆమె ఇంట్లో ఏం చదివేవారో, ఏం కొనేవారో, పిల్లలు ఏం రాసేవారో చెప్పేది ఆ ఆగిపోయిన బొంతే. చక్కగా పూర్తయి మంచం మీదికి చేరినది అందంగా ఉంటుంది, ఏమీ చెప్పదు.

గుడ్డల సంగతికొస్తే ఈ కథలోకి మన తీరమే వచ్చి చేరుతుంది. ఇంగ్లండు ఉత్తరాన లెవెన్స్ హాల్ అనే పాత భవంతిలో 1708 ప్రాంతానిదని చెప్పే అతుకుల పడక సామగ్రి ఉంది. ఆ ఇంటి యజమాని రెండో భార్య, ఆయన కూతుళ్ళు కలిసి కుట్టారని తరతరాలుగా చెప్పుకుంటారు. అందులో వాడినవి భారతదేశపు అద్దకపు నూలు బట్టలు. ఆ కాలానికి అటువంటి ‘చింట్జ్’ ఐరోపాకు ఎక్కువగా వెళ్ళింది కోరమాండల్ తీరం నుంచే. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలోనూ నేటి నిజాంపట్నమైన పెటపోలీలోనూ స్థావరాలు పెట్టుకుంది. ఉతికినకొద్దీ వెలగని ఆ ఎరుపు చిరివేరుది. మాది ఆ ప్రాంతమే. చిన్నప్పుడు కలంకారీ దుప్పట్లు ఎండలో ఆరేసి ఉండడం రోజూ చూసేవాళ్ళం కానీ ఎక్కడో ఇంగ్లండులో ఆ బట్టను ముక్కముక్కగా దాచుకుని అతికించుకున్న ఆడవాళ్ళు ఉన్నారని ఊహించడానికి మాకు కారణమే లేదు.

దాచుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ బట్ట మీద యుద్ధం జరిగింది. తమ పొట్ట కొడుతున్నాయని అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్ళు గోల పెట్టారు. 1700లో పార్లమెంటు భారతీయ అద్దకపు నూలు దిగుమతిని అడ్డుకుంటూ చట్టం చేసింది. అది చాలక 1721లో మరో చట్టం చేసి, అద్దకపు నూలును కట్టుకోవడం, ఇంట్లో వాడడం కూడా చాలామటుకు నిషేధించింది. ఆ నిషేధం 1774 వరకూ ఉంది. ఈ రెండు చట్టాలకూ మధ్య, 1719 వేసవిలో, లండన్ వీధుల్లో నేతపనివాళ్ళ గుంపులు అద్దకపు గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళను వెంటాడాయి. ఒంటిమీది బట్టలు చింపాయి. సిరా పోశాయి, ఆమ్లం కూడా చల్లాయి. ఆకలితో ఉన్న కార్మికుల ఆగ్రహం అని చరిత్ర పుస్తకాలు దీన్ని సానుభూతితోనే రాస్తాయి. ఆకలి నిజమే. కానీ కంపెనీ గోదాముల మీదికో, లాభాలు తిన్న వాటాదార్ల మీదికో పోవలసిన కోపం వీధిలో నడిచిపోతున్న ఆడదాని ఒంటిమీదికి ఎందుకు వెళ్ళింది? ఆమె బట్టను బట్టి ఆమెను శిక్షించవచ్చునన్న ధైర్యం ఎక్కడిది? మనకు కొత్త ప్రశ్నేమీ కాదు.

గజాల కొద్దీ దొరకని బట్ట ముక్కగా విలువైనదవుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి షడ్భుజి బొంతలు బ్రిటన్‌లో బాగా వాడుకలోకి వచ్చాయి. అట్లాంటిక్ దాటాయి. 1835లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చే ‘గోడీస్ లేడీస్ బుక్’ అనే ఆడవాళ్ళ పత్రిక ఈ షడ్భుజి నమూనాను అచ్చువేసింది. అప్పటికి ఇది బీదరికపు పని కాదు, మధ్యతరగతి ఆడపిల్లకు నేర్పవలసిన గుణం. కూర్చోవడం, తలవంచుకోవడం, ఓపిక పట్టడం, నోరెత్తకపోవడం. రోజికా పార్కర్ 1984లో రాసిన ‘ది సబ్‌వర్సివ్ స్టిచ్’లో ఈ రెండు ముఖాల సంగతే చర్చించింది. కుట్టుపని స్త్రీని స్త్రీగా తయారుచేసే శిక్షణ, అదే సమయంలో ఆ శిక్షణకు లొంగకుండా స్త్రీ తనకోసం దొంగిలించుకున్న చోటు కూడా. నేను పార్కర్‌తో ఏకీభవిస్తాను కానీ ఒక మాట కలపాలనిపిస్తుంది. ఆ చోటు ఎవరికి దొరికింది? అమెరికాలో ఎందరో యజమానురాళ్ళ పేరుమీద నిలిచిన బొంతల్లో బానిస స్త్రీల కుట్లు ఉన్నాయి.

మగవాళ్ళు ఈ పని చేయలేదా అంటే చేశారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆల్బర్ట్ స్మాల్ అనే ఆయన, పగలు ఇసుకరాయి గనిలో పేలుడు మందుల దగ్గర పనిచేస్తూ, రాత్రిళ్ళు చిన్నచిన్న షడ్భుజుల బొంత కుట్టాడు. అందులో 1,23,200 ముక్కలున్నాయి. అద్భుతమైన పనే, నాకేమీ అసూయ లేదు. కాకపోతే ఆయన పేరు తెలుసు, ఊరు తెలుసు, ఉద్యోగం తెలుసు, ముక్కల లెక్క తెలుసు. అదే కాలంలో అదే దేశంలో ‘అమ్మమ్మ పూలతోట’ అని పేరుపడిన ఇదే నమూనాను లెక్కలేనంతమంది ఆడవాళ్ళు కుట్టారు. వేలం పాటల్లో వాటి పక్కన చీటీమీద ‘కుట్టినవారు తెలియదు’ అని ఉంటుంది.

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికన్ బొంతల్ని గోడలకు వేలాడదీసి పెద్ద ప్రదర్శన పెట్టింది. చూసినవాళ్ళు ఆధునిక నైరూప్య చిత్రాల్లా ఉన్నాయని మెచ్చుకున్నారు. రెండేళ్ళ తర్వాత పాట్రిషియా మైనార్డి ‘ఫెమినిస్ట్ ఆర్ట్ జర్నల్’లో రాసిన వ్యాసంలో ఆ మెప్పులోని మోసాన్ని పట్టుకుంది. మగ చిత్రకారుల బొమ్మల్లా ఉన్నాయి కాబట్టి ఇవి కళ అయ్యాయి. కుట్టినవాళ్ళు పేర్లు, తేదీలు వేసుకున్నచోట కూడా వాళ్ళు ‘అజ్ఞాత’ స్త్రీలే అయ్యారు. పని గోడెక్కింది, మనిషి ఎక్కలేదు.

పేరు వేసుకోనివ్వని బొంత ఒకటుంది. 1841లో ‘రాజా’ అనే ఓడలో సుమారు 180 మంది స్త్రీ ఖైదీలను ఇంగ్లండు నుంచి టాస్మానియాకు తరలించారు. చాలావరకు చిన్నచిన్న దొంగతనాలకు శిక్షపడ్డవాళ్ళు. ఎలిజబెత్ ఫ్రై నడిపిన స్త్రీల సంఘం ఇలాంటి ఖైదీలకు సూదులు, దారం, గుడ్డ పేలికలు ఇచ్చి పంపేది. ప్రయాణంలో వాళ్ళు కుట్టిన 2,815 ముక్కల బొంత ఇప్పుడు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది. దానిమీద పొడవైన అక్షరాలు కుట్టి ఉన్నాయి. దయగల అమ్మగార్ల సంఘానికి ఖైదీల కృతజ్ఞత అన్నది దాని సారం. కుట్టినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఖైదీలు అంతే.

నూరేళ్ళ తర్వాత మరో చెరసాలలో మరో బొంత. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ సైన్యానికి లొంగిపోయింది. యూరోపియన్ పౌరుల్ని చాంగి జైల్లో పెట్టారు. ఆరు వందల మంది కోసం కట్టిన జైల్లో రెండువేల నాలుగు వందల మంది. స్త్రీలు, పిల్లలు నాలుగు వందల మంది దాకా. గోడకవతల మగవాళ్ళు. సింగపూర్ పడిపోవడానికి కొద్ది రోజుల ముందే పెళ్ళయిన ఎలిజబెత్ ఎన్నిస్ అనే నర్సు, జైల్లో ఆడపిల్లల్ని చేరదీసి గర్ల్ గైడ్స్ దళం నడిపింది. ఎనిమిదేళ్ళ నుంచి పదహారేళ్ళ దాకా వయసున్న పిల్లలు, ఒక ఇరవై మంది. వాళ్ళు ఆమె పుట్టినరోజుకు రహస్యంగా ఒక బహుమతి చేయాలనుకున్నారు. షడ్భుజుల బొంత. గుడ్డ ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకున్నారు. దారం కోసం తమ పాత గౌన్ల కుట్లు విప్పి లాక్కున్నారు. సూదులు అపురూపం. కాపలావాళ్ళు వస్తున్నారంటే దాచేసేవాళ్ళు. ఒక్కో పువ్వు మధ్యముక్కలో ఒక్కో పిల్ల తన పేరు కుట్టింది.

ఆ బొంత ఇప్పుడు లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. రంగులు ఒకదానికొకటి కుదరవు, ముక్కలు సమంగా లేవు. ఫొటోలో చూసినా కొన్ని పేర్లలో అక్షరాలు వంకర. పళ్ళు రాలే వయసు పిల్ల ఆకలితో కూర్చుని కుట్టిందని గుర్తు చేసుకుంటే ఆ వంకర మీదనుంచి చూపు మరల్చుకోలేం.

పిల్లల్ని చూసే పెద్దవాళ్ళకు ఆలోచన వచ్చిందంటారు. కెనడాకు చెందిన ఎథెల్ మల్వనీ జైలు అధికారుల్ని ఒప్పించి మూడు బొంతలు కుట్టించింది. ఒక్కొక్కదానిలో 66 చదరాలు. గాయపడ్డ సైనికుల ఆసుపత్రికని చెప్పారు. జపాన్ సైనికులకని కూడా ఒకటి చేశారు కాబట్టి అనుమతి దొరికింది. అసలు సంగతి వేరు. ప్రతి స్త్రీ తన చదరం మీద పేరు కుట్టింది, తనకు మాత్రమే అర్థమయ్యే బొమ్మో గుర్తో కుట్టింది. ఆసుపత్రిలో ఆ బొంత చూసిన వాళ్ళ నోట, మరో శిబిరంలో ఉన్న భర్తకో అన్నకో ఆమె బతికి ఉందన్న వార్త చేరాలి. ఉత్తరం రాయనివ్వని చోట పేరే ఉత్తరం. రెండు బొంతలు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో, ఒకటి బ్రిటిష్ రెడ్‌క్రాస్ దగ్గర ఉన్నాయి.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి. చెమర్చిన తర్వాత మరొకటి గుర్తొస్తుంది. ఆ జైలుగోడల అవతల, మలయా అంతటా రబ్బరు తోటల్లో, విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్ళిన మన తెలుగు కూలీలు ఉన్నారు. తమిళ కూలీలు ఇంకా ఎక్కువమంది. అదే 1942–43లో జపాన్ సైన్యం వాళ్ళ మగవాళ్ళను తోటల్లోంచి పట్టుకెళ్ళి సయాం–బర్మా రైలు మార్గానికి తోలింది. 415 కిలోమీటర్ల దారి. ఆసియా కూలీలు 90 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా. అంచనాయే, ఎందుకంటే వాళ్ళ పేర్లు ఎవరూ సరిగ్గా రాసుకోలేదు. యుద్ధఖైదీలకు సమాధులు, పేర్ల పలకలు ఉన్నాయి. తోటల్లో మిగిలిపోయిన ఆడవాళ్ళు బట్ట దొరక్క గోనెసంచులు కట్టుకున్నారు. చాంగిలో మెత్తని పిండి సంచి మీద పేరు కుట్టుకున్న స్త్రీని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆమె బాధ ఆమెది. కానీ బొంత కుట్టడానికి కట్టుకున్నది పోగా ఒక ముక్క మిగలాలి. పేరు కుట్టడానికి అక్షరం రావాలి. కుట్టినదాన్ని దాచే మ్యూజియం ఒక దేశానికి ఉండాలి, ఆ దేశం ఈమె మాది అనాలి. తెలుగు కూలీ స్త్రీకి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మనవైపు నుంచి మనం మాత్రం ఏం దాచాం?

మా అమ్మమ్మ బొంతలు ఒక్కటీ మిగల్లేదు. ఆమె పోయిన ఏడాది పాత సామానుతో పాటు అవీ పోయాయి. నేనే అక్కడున్నాను, నేనూ అడ్డుచెప్పలేదు. వాసన వేస్తున్నాయని అందరం అనుకున్నాం. ఆ పొరల్లో ఆమె పెళ్ళినాటి చీర ఉండి ఉంటుందన్నది చాలా ఏళ్ళకు తట్టింది.

నా బొంతలో ఇప్పటికి పూర్తయిన పువ్వులు 108. కాగితాలు తీయాలా వద్దా అని మూడేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను. తీయకపోతే కప్పుకోవడానికి పనికిరాదు, కదిలిస్తే గరగరమంటుంది. తీస్తే అందరు శ్రీమతులూ చెత్తబుట్టలోకి వెళ్తారు. మొన్న కొన్ని మధ్యముక్కల మీద, చాంగి పిల్లల్లాగా, నాకు తెలిసిన శ్రీమతుల అసలు పేర్లు కుట్టడం మొదలుపెట్టాను. ముగ్గురి పేర్లు వాళ్ళ పిల్లలకు ఫోన్ చేసి కనుక్కోవలసి వచ్చింది. ఒకాయన కాసేపు ఆలోచించి, ‘అమ్మే కదా, ఇంట్లో అందరం అమ్మే అంటాం, ఆధార్ కార్డు చూసి చెప్తానుండండి’ అన్నాడు.

పోయిన చలికాలం మా వీధిలోకి ‘బొంతలు కుడతం’ అని అరుస్తూ ఒకావిడ వచ్చింది. ఆరు చీరలు ఇచ్చాను. వరండాలో పరిచి, కాళ్ళు చాపుకు కూర్చుని, రెండు రోజుల్లో ముగించింది. కొలబద్ద పెట్టినట్టు వరసలు. ఆమెకు కూలి మాట్లాడుకున్నది ఎంతో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. చెప్పినదానికంటే ఎక్కువే ఇచ్చాను, అయినా సిగ్గే. మధ్యాహ్నం టీ తాగుతూ నా షడ్భుజులు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, కాగితాలు గోకి చూసింది. ఎన్నాళ్ళు పట్టిందంటే చెప్పాను. నా ముఖంలోకి చూసి, నవ్వు ఆపుకుని, మళ్ళీ ముక్కల్ని సర్ది గుడ్డలో చుట్టి పెట్టింది.

సాయంత్రం ఆమె పేరు అడిగాను. చెప్పింది. మూలన చిన్నగా ఆ పేరు కుట్టమంటావా, నేను పెన్సిలుతో రాసిస్తాను, దానిమీద నువ్వే కుట్టు అన్నాను. ఆమె నా చేతిలో పెన్సిలు వైపు చూసింది, బొంత మూల వైపు చూసింది.

“రాయి అమ్మా” అంది. “గానీ ఇంకో పాత చీర ఉంటే ఇయ్యి. ఈ అంచుకు గుడ్డ తక్కువ పడ్తున్నది.”